టిప్పు ఇచ్చే వైపు

శ్రీలంకకు బయలుదేరే ముందు రోజు మా అమ్మాయి లావణ్య ఒక కాగితం ప్రింటు తీసి నా చేతిలో పెట్టింది. పెట్టెలు మోసినవాళ్ళకు ఇంత, గది ఊడ్చినవాళ్ళకు ఇంత, డ్రైవరుకు రోజుకు ఇంత అని వరసగా ఉంది. విదేశాల్లో టిప్పు తక్కువ ఇస్తే అవమానం, మరీ ఎక్కువ ఇచ్చినా అవమానమేనని కింద ఒక గమనిక కూడా ఉంది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు బెంగళూరులో టూరిస్టు కారు తోలాను. మెజెస్టిక్ దగ్గర మా స్టాండు. ఆ పిల్ల ఇంజినీరింగు పుస్తకాల్లో సగం టిప్పుల డబ్బుతో కొన్నవే.

"చేపకు ఈత నేర్పిస్తా ఉండావా అమ్మా?" అన్నాను.

"నాన్నా, నువ్వు తీసుకునే సైడ్ ఎక్స్‌పర్ట్. ఇచ్చే సైడ్ నీకు జీరో ఎక్స్‌పీరియెన్స్," అంది. ఆమె బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. అక్కడ అలాగే మాట్లాడతారు.

ఆమె అన్నది నిజమని తెలుసుకోవడానికి నాకు ఐదు రోజులు పట్టింది.

నా భార్య సరోజకు మా ఇల్లున్న బళేపేటలోనే చిన్న గాజుల కొట్టు ఉంది. పెళ్ళయిన కొత్తలో కోలారుకు, తరవాత తిరుపతికి, ధర్మస్థలకు, చాలా ఊళ్ళకే ఇద్దరం కారులో వెళ్ళాం. కానీ పక్కపక్కన కూర్చుని వెళ్ళింది ఒక్కసారీ లేదు. నేను తోలేవాణ్ణి, తను వెనక పిల్లను పట్టుకునేది. నేను కారు పని మానేశాక లావణ్య ఈ ప్రయాణం మాట ఎత్తింది. కారు, డ్రైవరు, హోటళ్ళు అన్నీ తనే ఫోనులో మాట్లాడి కుదిర్చింది.

నెగొంబో

బెంగళూరు నుంచి కొలంబోకు విమానం గంటన్నర. వాన పడిన సాయంత్రం బెళ్ళందూరు నుంచి బళేపేటకు రావడానికి ఇంతకన్నా ఎక్కువే పడుతుంది.

బయటికి రాగానే, ఇంగ్లీషులో నా పేరు రాసిన అట్ట పట్టుకుని ఒకాయన కనిపించాడు. నలభై దాటి ఉంటాయి, తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెదరలేదు. అలాంటి అట్టలు నేను కొన్ని వేలు పట్టుకుని ఉంటాను. అలవాటు కొద్దీ వెళ్ళి ఆయన పక్కనే నిలబడి, లోపలినుంచి వచ్చేవాళ్ళను చూడసాగాను. ఆయన నన్ను చూసి కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు. అలా ఇద్దరం రెండు నిమిషాలు నిలబడ్డాం.

"ఎవురి కోసరం చూస్తా ఉండావు? మనమే కదా వచ్చింది," అంది సరోజ వెనక నుంచి.

ఆయన పేరు సెల్వరాజ్. హట్టన్ వైపు తేయాకు తోటల్లో పుట్టిన తమిళుడు. బళేపేటలో తమిళం రాకపోతే గాజులు అమ్ముడుపోవు కాబట్టి మాకు భాషతో చిక్కు రాలేదు. ఆయన తమిళంలో అన్నవన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆయన వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. సరోజ ఎక్కింది. నేను చుట్టూ తిరిగి వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను. "నేను కూడా డ్రైవరునే తమ్ముడూ. నా దగ్గర నువ్వేం మొహమాటపడొద్దు," అన్నాను.

"అలాగా అయ్యా," అని నవ్వాడు. కారు తీశాడు.

ఆ దేశంలో కార్లు హారన్ కొట్టవు. మనిషి రోడ్డు దాటుతుంటే ఆగుతాయి. నెగొంబో చేరేదాకా సెల్వరాజ్ ఒక్కసారీ హారన్ ముట్టలేదు. పాడైందేమో అనుకుని, రేపు బాగు చేయించుకోమని చెప్పాను.

హోటల్లో మా పెట్టెలు పైకి మోసినాయనకు అరవై ఏళ్ళుంటాయి. పెట్టెలు దించి, చేతులు కట్టుకుని, వినయంగా "సంతోసం?" అన్నాడు. వచ్చిన అతిథి సంతోషంగా ఉన్నాడో లేడో కనుక్కోవడం ఎంత మంచి పద్ధతి అనుకున్నాను. "సంతోషమే, చాలా సంతోషం," అని రెండు చేతులూ జోడించి తలుపు వేసుకున్నాను.

తెల్లవారి సెల్వరాజ్‌తో ఆ హోటలువాళ్ళ మర్యాదను మెచ్చుకున్నాను. ఆయన కారు కొంచెం నెమ్మది చేశాడు.

"అయ్యా, సింహళంలో టిప్పును సంతోసం అంటారు."

వెనక సీట్లోంచి సరోజ, "ఆ పెద్దాయన దండం పెట్టించుకోని పోయినాడు పాపం," అంది. కారు వెనక్కి తిప్పించాను. ఆ పెద్దాయన డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళిపోయాడట. కౌంటరులో ఇచ్చి వచ్చాను. ఆయనకు చేరిందో లేదో తెలియదు. ప్రయాణంలో నేను ఇచ్చిన మొదటి టిప్పు అదే, అది ఇచ్చినట్టు లెక్కయితే.

కాండీ దారి

మన రూపాయికి అక్కడ మూడు రూపాయల పైన వస్తాయి. అందుకని ధర ఏది విన్నా ముందు గుండె ఆగుతుంది, మూడుతో భాగించాక మళ్ళీ కొట్టుకుంటుంది. దారిలో పసుపు రంగు కొబ్బరిబోండాం రెండు వందలు. నీళ్ళు మనవాటికన్నా తియ్యన. సరోజ నూటయాభైకి బేరమాడింది. అంగడామె ఒప్పుకుంది. సింహళం రాకుండా సరోజ ఆ బేరం ఎలా చేసిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

టిఫినుకు ఒక హోటల్లో ఆగాం. ఏమీ అడగకుండానే ఒకాయన పెద్ద పళ్ళెం నిండా రోల్సు, వడలు, కట్లెట్లు, గుడ్డు పెట్టిన బన్నులు తెచ్చి మా ముందు పెట్టి వెళ్ళాడు. పద్నాలుగు ఉన్నాయి. పెట్టింది వదిలేస్తే తప్పనుకుని తినడం మొదలుపెట్టాను. తొమ్మిదోదాని దగ్గర సెల్వరాజ్ వచ్చి, "అయ్యా, తిన్నవాటికే డబ్బులు. మిగతావి తీసుకెళ్ళిపోతారు," అన్నాడు. ఆ మధ్యాహ్నం నేను భోజనం చేయలేదు.

మావనెల్ల దాటాక సెల్వరాజ్, "ఇక్కడ మసాలాల తోట ఒకటుంది అయ్యా. ఊరికే చూపిస్తారు. దాల్చినచెక్క, మిరియాలు, జాపత్రి," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. మైసూరు దారిలో పట్టుచీరల షాపు ముందు నేను ఎన్ని వందలసార్లు ఇదే గొంతుతో "ఊరికే చూడండి సార్" అని ఉంటానో. కారులో వచ్చిన పార్టీ కొన్నా కొనకపోయినా మనిషికింత అని డ్రైవరుకు ముడుతుంది. కొంటే ఇంకా ముడుతుంది.

"తమ్ముడూ, నా దగ్గర ఆ నాటకం వద్దు. నువ్వు అక్కడ ఎంత తీసుకుంటావో కూడా నేను చెప్పగలను. తిన్నగా కాండీకి పోనీ," అన్నాను. ఇద్దరు డ్రైవర్ల మధ్య దాపరికం ఉండకూడదని నా ఉద్దేశం.

"సరే అయ్యా," అన్నాడు.

కాండీ చేరేదాకా ఆయనకు నా అనుభవాలు చెప్పాను. పదకొండు రోజులు నా కారులో తిరిగిన ఒక పార్టీ కథ చెప్పాను. వాళ్ళు నన్ను తమతోపాటే కూర్చోబెట్టుకుని భోజనం పెట్టారు, "రమణప్పా, నువ్వు మా ఇంట్లో మనిషివి" అన్నారు, చివరి రోజు సగం తిన్న మైసూరుపాకు డబ్బా ఇచ్చి వెళ్ళారు. ఇంట్లో మనిషికి టిప్పు ఎవరిస్తారు? ఆప్యాయంగా పిలిచే పార్టీ దగ్గర ఆశ పెట్టుకోకూడదని మా స్టాండులో కొత్తగా చేరినవాడికి కూడా తెలుసు.

ఇదంతా చెప్తూ నేను ఆయన్ని మాటకొకసారి తమ్ముడూ అంటున్నానని నాకు తట్టలేదు.

కాండీ, తెల్లవారుజామున

కాండీ చేరిన మధ్యాహ్నం బుద్ధుడి గుడి చూశాం. చెప్పులు పెట్టే చోట కానుకల పళ్ళెంలో అన్నీ పెద్ద నోట్లే కనిపిస్తున్నాయి. చిన్న నోట్లు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. మా స్టాండులో చవితి పందిరికి చందా పళ్ళెం నేనే చూసుకునేవాణ్ణి.

మరుసటి రోజు అలవాటుగా నాలుగున్నరకే మెలకువ వచ్చింది. కిందికి దిగాను. హోటలు వెనక డ్రైవర్ల గది ఉంది. ఆరు మంచాలు, ఒక ఫ్యాను, గోడకు వరసగా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలు. బెంగళూరు నుంచి పార్టీలను తీసుకెళ్ళినప్పుడు అలాంటి గదులు కూడా లేక కారులోనే పడుకున్న రోజులు చాలా ఉన్నాయి. కొడైకెనాల్‌లో ఒక డిసెంబరు మొత్తం అలాగే గడిచింది.

సెల్వరాజ్ బయట కారు కడుగుతున్నాడు. ఒక్క బక్కెట్ నీళ్ళతో, పైనుంచి కిందికి, చారలు పడకుండా. పనితనం తెలిసిన మనిషి. అద్దం మీద నీళ్ళు ఆరిపోతున్నాయి. ఆరితే మచ్చలు పడతాయి. నేను పక్కనున్న పొడిగుడ్డ తీసుకుని తుడవడం మొదలుపెట్టాను.

"అయ్యా, వద్దు. దయచేసి వద్దు," అన్నాడు.

"ఊరుకో తమ్ముడూ. మనలో మనకేంటి?"

"ఎవరైనా చూస్తారయ్యా."

"చూడనీ."

చూశారు. రాత్రి డ్యూటీ మేనేజరు కాఫీ కప్పుతో బయటికి వచ్చి, నన్నూ గుడ్డనూ సెల్వరాజ్‌నూ చూసి, కాఫీ తాగకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. ఒక ముఖ్యమైన పని మీద వెళ్తున్నవాడి నడక అది. నేను డిక్కీ కూడా తుడిచి, లోపల తివాచీలు దులిపి, తృప్తిగా గదికి వచ్చి స్నానం చేశాను.

రంబొడ టీ కొట్టు

నువర ఎలియకు పోయే కొండదారిలో రంబొడ దగ్గర జలపాతం ఎదురుగా టీ కొట్టు ఉంది. పాలు లేని టీ ఇస్తారు, చేతిలో బెల్లంముక్క పెడతారు. ముక్క కొరికి టీ గుక్క వేయాలి. బెల్లం తాటిబెల్లం లాగే ఉంటుంది కానీ కొంచెం పొగవాసన. టీ వంద, బెల్లం ఊరికే.

సెల్వరాజ్ టీ తాగలేదు. దూరంగా నిలబడి ఫోనులో మాట్లాడుతున్నాడు. మాట్లాడటం కన్నా వినడమే ఎక్కువ. తిరిగి వచ్చాక ఫోను జేబులో వేసుకోలేదు, చేతిలోనే పట్టుకున్నాడు.

"రేపు ఉదయం మీకు వేరే డ్రైవరు వస్తాడయ్యా. మంచివాడే," అన్నాడు.

"నువ్వెక్కడికి పోతావు?" అంది సరోజ.

చెప్పడం ఇష్టం లేదు. సరోజ వదలలేదు. కాండీ హోటలు మేనేజరు కొలంబో ఆఫీసుకు ఫోను చేశాడట. మీ డ్రైవరు అతిథిచేత కారు కడిగిస్తున్నాడు, వయసైన మనిషి, పాపం బట్టలన్నీ తడిసిపోయాయి అని. ఆ కంపెనీలో అలాంటి ఫిర్యాదు వస్తే కారు తాళం తీసేసుకుంటారు. నెల రోజులు డ్యూటీ ఉండదు. అది సీజను నెల. సీజనులో నెల పోతే డ్రైవరుకు ఏడాది పోయినట్టే. అది నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నేను చెప్తాను మీ ఆఫీసుకి. నేనే తుడిచానని చెప్తాను," అన్నాను.

"మంచి గెస్టులందరూ అలాగే చెప్తారని అంటారయ్యా వాళ్ళు. డ్రైవరును కాపాడటానికి."

సరోజ జలపాతం వైపు చూస్తూ బెల్లం కొరుకుతోంది. సెల్వరాజ్ నా ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఒక మాట చెప్తాను, తప్పుగా అనుకోకండి," అన్నాడు.

"చెప్పు."

"నా పని మీకు మొత్తం తెలుసు. అందుకే మీకు నేను ఏమీ చేయలేకపోతున్నాను. తెలియని గెస్టుకు జలపాతం చూపిస్తే జలపాతం చూస్తాడు. మీరు నేను ఏ గేరులో ఎక్కించానో చూస్తున్నారు. మూడు రోజులుగా లైసెన్సు పరీక్షలో తోలుతున్నట్టుంది నాకు." కాస్త ఆగి అన్నాడు, "తమ్ముడూ అన్నారు. సంతోషమే. కానీ నాకు ఇక్కడ తమ్ముడి ఉద్యోగం లేదయ్యా. డ్రైవరు ఉద్యోగం ఉంది."

నేను మూడు రోజుల్లో ఆ మనిషికి మసాలాల తోట కమీషన్ పోగొట్టాను, టిప్పు మీద ఆశ పోగొట్టాను, ఇప్పుడు ఉద్యోగం పోగొట్టబోతున్నాను. అంతా అభిమానంతోనే చేశాను. నాతో పదకొండు రోజులు తిరిగి మైసూరుపాకు ఇచ్చిన పార్టీ కూడా నాకు ఇంత నష్టం చేయలేదు.

సరోజ బెల్లం అయిపోగొట్టి, కొంగుతో చేయి తుడుచుకుని, "ఆ ఫోను ఇట్ల ఇయ్యి," అంది.

సెల్వరాజ్ నంబరు కలిపి ఇచ్చాడు. ఆఫీసులో మాట్లాడింది ఒక ఆడమనిషి, తమిళమే, చాలా మర్యాదగా. సరోజ కొట్టులో గాజులు కొనేవాళ్ళతో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టింది.

"అమ్మా, మీ డ్రైవరు తప్పేమీ లేదు. మా ఆయనకి అదొక జబ్బు. కారు కనపడితే తుడవకుండా ఉండలేడు. మా వీధిలో నిలబెట్టిన కార్లన్నీ తుడుస్తాడు. డాక్టర్లకి చూపించినాము."

నేను నోరు తెరిచాను. సరోజ నాకేసి చూసింది. మూసుకున్నాను.

అవతలి గొంతు ఏదో అడిగింది.

"లేదమ్మా, ప్రమాదం ఏమీ లేదు. కారు కనపడకుంటే బాగానే ఉంటాడు," అంది సరోజ.

ఇంకో రెండు నిమిషాలు మాటలు జరిగాయి. ఫోను తిరిగి ఇస్తూ సరోజ చెప్పింది. సెల్వరాజ్‌ను మార్చరు. కానీ రెండు షరతులు. పేషంటు వెనక సీట్లోనే కూర్చోవాలి. ప్రయాణం అయ్యాక మేము కంపెనీకి రాసే అభిప్రాయం చూసి తాళం సంగతి తేలుస్తారు.

సెల్వరాజ్ వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఈసారి ఎక్కి కూర్చున్నాను.

నువర ఎలియ

ముప్పై ఒక్క ఏళ్ళు కొండదారుల్లో తిరిగాను. తమిళనాడు సరిహద్దు అత్తిబెలె చెక్‌పోస్టులో పర్మిట్ రాయించుకుని ఏర్కాడుకు, కొడైకెనాల్‌కు ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. నేను చూసింది రోడ్డు. మలుపు, ఎదురు లారీ, పక్కన లోయ ఎంత దూరంలో ఉందన్నది. ఆ రోజు మొదటిసారి కొండ చూశాను. తేయాకు తోటలు దువ్విన తలల్లా ఉన్నాయి. వాటి మధ్య బుట్టలు తగిలించుకున్న ఆడవాళ్ళు చిన్నగా కదులుతున్నారు. మబ్బు రోడ్డు మీదికి వచ్చింది, కారు దానిలోంచి వెళ్ళింది.

నా కుడికాలు ప్రతి మలుపులోనూ లేని బ్రేకు తొక్కుతోంది. సరోజ నా మోకాలి మీద చేయి పెట్టింది. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటాక కారులో పక్కపక్కన కూర్చున్నాం.

"బాగుండాది కదా?" అంది.

"బాగుంది," అన్నాను.

ముందు సీట్లోంచి సెల్వరాజ్ చెప్పడం మొదలుపెట్టాడు. అదిగో ఆ వరస ఇళ్ళలో ఒకటి వాళ్ళ అమ్మ పుట్టిన ఇల్లు. చిగురు రెండాకులు ఒక మొగ్గ లెక్కన తుంచాలి. కూలి తూకాన్ని బట్టి. వాన రోజు ఆకు బరువెక్కుతుంది, కానీ తూచేవాడు నీటి బరువని కొంత కొట్టేస్తాడు. ఇవన్నీ ఆయన మూడు రోజులుగా నోట్లో పెట్టుకుని ఉన్నాడు. నేను మాట్లాడుతుంటే ఎప్పుడు చెప్తాడు?

హోటలుకు మాకన్నా ముందే కబురు చేరింది. దిగగానే మేనేజరు నా చేయి పట్టుకుని లోపలికి నడిపించాడు. గది తోట వైపు ఇచ్చారు, కార్లు కనపడకుండా. భోజనానికి వెళ్తుంటే ఒకాయన నా వెంటే నడిచాడు. ఒకసారి పొరపాటున పార్కింగు వైపు తిరిగితే, "సార్, ఇటు పూలు చాలా బాగుంటాయి," అని భుజం మీద మెత్తగా చేయి వేసి మళ్ళించాడు. వెళ్ళేటప్పుడు ఆయనకు లావణ్య కాగితంలో ఉన్నదానికి రెట్టింపు ఇచ్చాను. రోగిని చూసుకోవడం కష్టమైన పని.

మరుసటి రోజు, "సెల్వరాజ్, ఏ షాపుకైనా తీసుకెళ్ళు. ఊరికే చూస్తాం," అన్నాను.

ఆయన కళ్ళు అద్దంలో నావైపు చూశాయి. "నిజంగానా అయ్యా?"

కొలంబో దారిలో ఒక రంగురాళ్ళ కొట్టుకు తీసుకెళ్ళాడు. ఏసీ గది, పాల టీ, చిన్న వీడియో. సరోజ ఒక నీలంరాయి ఉంగరం చూసింది. యజమాని ధర చెప్పాడు. సరోజ బళేపేటలో నలభై ఏళ్ళుగా గాజులమ్మే ఇంటి కూతురు. గంటా పది నిమిషాలు పట్టింది. రెండుసార్లు లేచి తలుపు దాకా వచ్చాం. మూడోసారి యజమాని తనే లేచాడు. చివరికి కొన్నాం.

బయటికి వచ్చి కారు ఎక్కాక, "కమీషన్ బాగా వచ్చిందా?" అని అడిగాను.

"అమ్మ కొన్న ధరకు కమీషన్ లేదయ్యా," అన్నాడు సెల్వరాజ్. "ఇకమీదట గెస్టుల్ని తెచ్చేముందు ఫోను చేసి చెప్పమన్నారు, వాళ్ళది ఏ ఊరో."

విమానాశ్రయం

టిప్పు తీసుకోవడం గురించి నాకు తెలిసినదంతా ఇవ్వడానికి వాడుకోవాలనుకున్నాను. నలుగురిలో ఇవ్వకూడదు. ఉపన్యాసం చెప్పకూడదు. కవరులో పెట్టి అంటించకూడదు, ఎంతుందో తెలిసేదాకా డ్రైవరుకు నవ్వు ఎంత నవ్వాలో తెలియదు. పెట్టెలు దించకముందు ఇస్తే పెట్టెల కోసం ఇచ్చినట్టుంటుంది, దించాక ఇస్తే అందుకోసం నిలబడినట్టుంటుంది. దించుతుండగా ఇవ్వాలి.

ఎంత ఇచ్చానో రాయను. ఎక్కువ అనిపిస్తే గొప్పలు పోయినట్టు, తక్కువ అనిపిస్తే పరువు తక్కువ.

రెండో పెట్టె దించుతుండగా ఇచ్చాను. సెల్వరాజ్ చూడకుండానే తీసుకుని జేబులో వేసుకుని, "చాలా సంతోషం అయ్యా, మళ్ళీ రావాలి," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. ఎన్నో ఏళ్ళు నేనే నవ్వాను. అందులో తప్పేమీ లేదు, శుభ్రమైన నవ్వు, అందరికీ ఒకేలా ఇచ్చేది. నాకోసం వేరే నవ్వేదో ఉంటుందని ఎందుకనుకున్నానో తెలియదు.

లోపల కూర్చున్నాక ఫోనుకు కంపెనీ నుంచి మెసేజీ వచ్చింది, అభిప్రాయం రాయమని. టిప్పు కన్నా ఇదే ముఖ్యం. రేటింగు చుక్కలన్నీ నొక్కి, ఇంగ్లీషులో జాగ్రత్తగా రాశాను. "డ్రైవర్ వెరీ గుడ్. కార్ వెరీ క్లీన్. హి డిడ్ నాట్ అలో మీ టు డూ ఎనీ వర్క్." ఆ చివరి వాక్యం రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నన్ను ఏ పనీ చేయనివ్వలేదు అని. కారు తుడవనివ్వలేదని ఇంతకన్నా గౌరవంగా చెప్పే దారి నాకు కనపడలేదు.

మళ్ళీ బళేపేట

మూడు రోజుల తరవాత సెల్వరాజ్ ఫోను చేశాడు. గొంతు నీరసంగా ఉంది.

"అయ్యా, మీరు పని చేసుకుంటుంటే నేను అడ్డుపడ్డానా?"

ఆఫీసువాళ్ళు నా అభిప్రాయం చదివారు. ఊరు బెంగళూరు అని చూశారు. బెంగళూరు మనిషి పని అంటే ల్యాప్‌టాప్ పని తప్ప ఇంకేముంటుంది? డ్రైవరు వాగుతూ అతిథిని పని చేసుకోనివ్వలేదని తేల్చి, తాళం తీసేసుకుని, ఆయన్ని సంజాయిషీ రాసివ్వమన్నారు.

ఆ సాయంత్రం లావణ్య బెళ్ళందూరు నుంచి వచ్చేదాకా నేను అన్నం తినలేదు. తను నేను రాసింది రెండుసార్లు చదివింది. తరవాత నన్ను మొదటినుంచీ జరిగింది జరిగినట్టు చెప్పమంది. చెప్పాను. జబ్బు సంగతి దగ్గర మాత్రం సరోజ వంటింట్లోకి వెళ్ళిపోయింది. లావణ్య దాన్నంతా ఇంగ్లీషులో పెట్టింది. మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు డ్రైవరు, ఆయనకు ఏ జబ్బూ లేదు, అతిథిగా ఉండటం రాదు, అంతే. ఆయనకు అది నేర్పింది మీ డ్రైవరు అని రాసింది. కింద తనతోపాటు నేనూ సంతకం పెట్టాను.

నాలుగో రోజుకు తాళం తిరిగి ఇచ్చారు. సంజాయిషీ మాట ఎత్తలేదు. అయితే బెంగళూరు అతిథులకు ఇబ్బంది కలగకూడదని ఆ కంపెనీ కార్లలో ఇంటర్నెట్ పెట్టించారు. మొదట సెల్వరాజ్ కారులోనే పెట్టారు.

ఇప్పుడు ఆయన వారానికి ఒకటి రెండు సార్లు ఆ ఇంటర్నెట్‌తో వీడియోలో పలుకుతాడు. అతిథులు ఏ కోటో గుడో చూడటానికి లోపలికి వెళ్తారు. గంట అంటారు, మూడు గంటలకు వస్తారు. డ్రైవరు పనిలో తోలడం కొంచెమే, మిగతాదంతా ఎదురుచూడటం. సెల్వరాజ్ సీటు వెనక్కి వాల్చుకుని కూర్చుంటాడు. నేను సరోజ కొట్టు అరుగు మీద కూర్చుంటాను. పెద్దగా మాటలేమీ ఉండవు. వాళ్ళ అమ్మ మోకాళ్ళు, ఇక్కడ వాన, అక్కడ పెట్రోలు. నన్నిప్పుడు అయ్యా అనడం లేదు, అన్నా అంటున్నాడు. ఎప్పుడు మారిందో నేను గమనించలేదు.

అతిథులు గేటులో కనపడగానే మాట సగంలో ఉన్నా "వచ్చారన్నా" అని ఫోను పెట్టేస్తాడు. పెట్టేయాలి మరి. వెనక తలుపు తెరవాలి కదా.